కనబడని కంచె: ఊళ్లు దాటి తిరిగే యంత్రాలకు జియోఫెన్స్ కాపలా

సరిహద్దు గ్రామాల ప్రజలకు కనబడని గీతలు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పూర్వపు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారితో సహా మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిసినవి. 1956 నవంబరు 1న జరిగిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మరికొన్ని గీతలు స్థిరపడినవి. ఆ గీతలు నేలమీద కనిపించవు. మేతకు పోయే పశువుకు అవి తెలియవు. కాలువ నీటికీ తెలియవు. అయినప్పటికీ గీతకు ఇటువైపు ఒక రేషను కార్డు, అటువైపు మరొక రేషను కార్డు. ఇటు ఒక పోలీసు ఠాణా, అటు వేరొక ఠాణా. యానాం వంటి చోట కొద్ది దూరం నడిస్తే చాలు, పాలనా ప్రాంతమే మారిపోతుంది.

ఈ గీతలను దాటి పనికోసం తిరిగేవి మనుషులే కాదు, యంత్రాలు కూడా. జేసీబీలు, పొక్లెయిన్లు, బోరుబండ్లు, వరికోత యంత్రాలు, కాంక్రీటు మిల్లర్లు, జనరేటర్లు ఒక పనిచోటు నుండి మరొక పనిచోటుకు పోతూ ఉంటాయి. బ్యాంకు అప్పుతో ఒక పొక్లెయిన్ కొన్న కుటుంబం ఒక ఊరిలో ఉంటుంది; యంత్రం యాభై కిలోమీటర్ల దూరంలో పరాయి రాష్ట్రపు కాలువ గట్టున ఉంటుంది. నెలాఖరున మూడు ప్రశ్నలు పుడతాయి. యంత్రం ఎక్కడ ఉన్నది? అక్కడ ఎన్ని గంటలు నడిచినది? ఆ గంటలకు డబ్బు ఎవరు ఇవ్వాలి? ఈ ప్రశ్నల వలన యజమానికీ గుత్తేదారుకూ, యజమానికీ ఆపరేటరుకూ మనస్పర్థలు ఏర్పడడం సాధారణం. ఇట్టి తగవులకు ఒక సాక్షిగా ఇప్పుడు జియోఫెన్స్ అనే పద్ధతి వాడుకలోకి వచ్చినది. అది ఎట్లు పనిచేస్తుంది, ఎంతవరకు నమ్మదగినది, ఎక్కడ జాగ్రత్త అవసరం అనే విషయాలు తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ ఉపయోగకరం.

జియోఫెన్స్ అనగా ఏమిటి?

జియో అనగా భూమికి సంబంధించినది, ఫెన్స్ అనగా కంచె. పేరులో కంచె ఉన్నా ఇందులో ముళ్లతీగ లేదు, రాతికూసం లేదు. కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో పటం మీద పనిచోటు చుట్టూ గీసుకొన్న గీత మాత్రమే జియోఫెన్స్. యంత్రంలో అమర్చిన చిన్న పరికరం తానున్న చోటును ఎప్పటికప్పుడు తెలుపుతూ ఉంటుంది. ఆ చోటు గీతకు లోపల ఉన్నదా, బయట ఉన్నదా అని దూరంలోని కంప్యూటరు లెక్క చూస్తుంది. లోపలికి వచ్చినా, బయటికి పోయినా, నిర్ణీత కాలం కన్న ఎక్కువసేపు నిలిచినా యజమాని ఫోనుకు కబురు పంపుతుంది.

ఇక్కడ ఒక విషయం మొదటనే గ్రహించవలెను. ఈ కంచె దేనినీ ఆపదు. దాటినదని చెప్పగలదే గాని దాటకుండా అడ్డుపడలేదు. ఇది తలుపు గడియ కాదు, అరుగుమీద కూర్చుని వచ్చేపోయేవారిని గమనించే పెద్దాయన వంటిది.

యంత్రానికి తన చోటు ఎట్లు తెలుస్తుంది?

యంత్రంలోని పరికరం ఆకాశంలోని ఉపగ్రహాల నుండి వచ్చే రేడియో సంకేతాలను అందుకుంటుంది. అమెరికా వారి జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నవి. ప్రతి ఉపగ్రహంలోను అత్యంత కచ్చితమైన గడియారం ఉంటుంది. సంకేతం బయలుదేరిన వేళకు, చేరిన వేళకు ఉన్న తేడానుబట్టి దూరం లెక్కకు వస్తుంది. సంకేతం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది గనుక గడియారంలో సెకనులో పదిలక్షల వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్ల తప్పు వస్తుంది. పరికరంలోని గడియారం చౌకబారుది. అందుచేత మూడు ఉపగ్రహాలతో సరిపెట్టక, గడియారపు తప్పును సవరించుకొనుటకు నాలుగవ ఉపగ్రహం కూడా కావలసి ఉంటుంది.

2000 మే 2వ తేదీ వరకు సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపి ఉంచేది. అప్పట్లో వంద మీటర్ల వరకు తేడా రావడం మామూలు. అటువంటి లెక్కతో ఒక ఎకరం చేనుకు కంచె గీయడం వ్యర్థం. ఆ ఏర్పాటు తొలగించిన తరువాతనే పనిచోటుకు కంచె గీయడం సాధ్యమయినది. నేడు ఆకాశం విశాలంగా కనిపించే చోట సాధారణ పరికరం కూడా సుమారు 5 మీటర్ల తేడాలో చోటును చెప్పగలదు. జీపీఎస్‌తో పాటు రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, మన ఇస్రో రూపొందించిన నావిక్ సంకేతాలను అందుకొనే పరికరాలు కూడా లభిస్తున్నవి.

చోటు తెలిసినంత మాత్రాన చాలదు, ఆ సంగతి యజమానికి చేరవలెను. దీనికి పరికరంలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. సెల్‌ఫోను టవరు ద్వారా ఆ వివరం కంప్యూటరుకు చేరుతుంది. అనగా వినడం ఉపగ్రహం నుండి, చెప్పడం టవరు ద్వారా. ఈ రెండింటిలో ఏది తప్పినా కబురు ఆగుతుంది.

లోపలా? బయటా?

కంచెను రెండు విధాలుగా గీయవచ్చు. మొదటిది వృత్తం. పనిచోటు మధ్యలో ఒక బిందువు, దాని నుండి ఇన్ని మీటర్లు అని చెబితే చాలు. యంత్రానికీ ఆ బిందువుకూ మధ్య దూరం అంతకు మించితే బయట ఉన్నట్లు. క్వారీకి, ఇటుక బట్టీకి, ఇంటి నిర్మాణానికి ఇది సరిపోతుంది. కాలువ పనికి, రోడ్డు పనికి ఇది పనికిరాదు. మూడు కిలోమీటర్ల పొడవున్న కాలువకు వృత్తం గీస్తే నాలుగు ఊళ్లు లోపలికి వస్తాయి.

రెండవది అనేక భుజాల ఆకారం. చేని గట్టు ఎట్లు వంపు తిరిగితే గీతను కూడా అట్లే తిప్పవచ్చు. మరి వంకరటింకర ఆకారంలో లోపల, బయట అనేది కంప్యూటరు ఎట్లు తేల్చుతుంది? దానికి బడిపిల్లలు సైతం చేసి చూడదగిన ఉపాయం ఉన్నది. కాగితం మీద ఎంత వంకరగానైనా ఒక చేను గీయండి. ఎక్కడైనా ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క నుండి ఏదో ఒక దిక్కుకు కాగితం అంచు వరకు సరళరేఖ గీయండి. ఆ రేఖ చేని గట్టును ఎన్నిసార్లు దాటినదో లెక్కపెట్టండి. బేసి సంఖ్య అయితే చుక్క లోపల ఉన్నది, సరి సంఖ్య అయితే బయట ఉన్నది. కంప్యూటరు చేసే పనీ ఇదే.

చోటును అక్షాంశ రేఖాంశాల అంకెలలో వ్రాస్తారు. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తరువాత నాలుగు అంకెలు వ్రాస్తే సుమారు 11 మీటర్ల వరకు, ఐదు అంకెలు వ్రాస్తే సుమారు ఒక మీటరు వరకు చోటు తెలుస్తుంది. కంచె మూలలను నమోదు చేయునప్పుడు చివరి అంకెలను వదలివేయుట వలన గట్టు పక్కచేనులోకి జరిగిపోగలదు.

ఒక రోజు లెక్క

తుంగభద్ర జలాశయం నుండి బయలుదేరే కుడిగట్టు ఎగువ కాలువ, దిగువ కాలువ కర్ణాటకలో కొంత దూరం ప్రవహించి రాయలసీమలో ప్రవేశిస్తాయి. ఇట్టి కాలువలలో నీరు ఆగిన రోజులలో పూడిక తీయుటకు ఒక పొక్లెయిన్‌ను అద్దెకు పంపినారని అనుకుందాము. ఉదయం గీతకు అటువైపు ఒక గుత్తేదారు దగ్గర, మధ్యాహ్నం ఇటువైపు మరొక గుత్తేదారు దగ్గర పని. రెండు చోట్లకూ కంచె గీసి ఉన్నది.

యంత్రం మొదటి కంచెలో ఉదయం 7 గంటల 50 నిమిషాలకు ఉన్నది. 1 గంట 5 నిమిషాలకు బయటికి వచ్చినది. ఉన్న కాలం 5 గంటల 15 నిమిషాలు. అందులో ఇంజను నడిచినది 4 గంటల 10 నిమిషాలు. ట్రైలరు మీద ప్రయాణించి 2 గంటల 20 నిమిషాలకు రెండవ కంచెలో ప్రవేశించినది. 6 గంటల 20 నిమిషాలకు పని ముగిసినది. అక్కడ ఉన్న కాలం 4 గంటలు, ఇంజను నడిచినది 3 గంటల 20 నిమిషాలు.

రెండు కంచెలలో ఉన్న కాలం మొత్తం 9 గంటల 15 నిమిషాలు. ఇంజను నడిచిన కాలం 7 గంటల 30 నిమిషాలు. యంత్రంలోని గంటల మీటరు మాత్రం 7 గంటల 45 నిమిషాలు చూపుతుంది. మిగిలిన 15 నిమిషాలు ఎక్కడివి? యంత్రం కంచె వెలుపల ట్రైలరు ఎక్కుటకు, దిగుటకు పట్టినవి. ఇక ఆ ఏడున్నర గంటలలో కూడా 50 నిమిషాలు టిప్పరు కోసం ఎదురుచూస్తూ ఇంజను ఊరకే తిరిగినదని అనుకుంటే, నిజంగా బొక్కెన ఆడినది 6 గంటల 40 నిమిషాలు.

ఒకే రోజుకు నాలుగు లెక్కలు వచ్చినవి. ఏదీ అబద్ధం కాదు. ఏ లెక్క ప్రకారం అద్దె చెల్లించాలో కంచె చెప్పలేదు. అది మనుషులు ముందుగా మాట్లాడుకొని కాగితంపై వ్రాసుకోవలసిన విషయం. ఎదురుచూపు కాలానికి అద్దె ఉన్నదా, ఉంటే పూర్తి అద్దెయా సగమా, ఎక్కించి దించే ఖర్చు ఎవరిది అనే మాటలు పని మొదలు కాకముందే తేలవలెను. ఈ మాటలు తేలని చోట జియోఫెన్స్ తగవును తీర్చదు. తగవుకు మరికొన్ని అంకెలను మాత్రం అందిస్తుంది.

ఇంజను కాలం లెక్కించు విధానంలోనూ ఒక చిక్కు ఉన్నది. కొన్ని పరికరాలను తాళంచెవి తీగకు మాత్రమే కలుపుతారు. ఆపరేటరు తాళం తిప్పి పాటలు వింటూ కూర్చున్నా ఇంజను నడిచినట్లే అది లెక్కిస్తుంది. ఇంజను నిజంగా తిరిగినప్పుడే గుర్తించేటట్లు ఆల్టర్నేటరు తీగకు కలిపించుకొనుట మేలు.

కంచె తప్పు చెప్పే సందర్భాలు

లోతైన క్వారీలోను, ఎత్తయిన గోడల పక్కను, దట్టమైన చెట్ల క్రిందను ఉపగ్రహ సంకేతాలు నేరుగా అందవు. రాతిగోడను తాకి తిరిగివచ్చిన సంకేతం ఎక్కువ దూరం ప్రయాణించినట్లు కనిపిస్తుంది. అందువలన కదలకుండా నిలిచిన యంత్రం కూడా పటం మీద అటూ ఇటూ తిరుగుతున్నట్లు కనిపించవచ్చు. అర్ధరాత్రి యంత్రం కంచె దాటినదని కబురు రాగానే ఆపరేటరును దొంగగా భావించుట అన్యాయం.

దీనికి రెండు ఉపాయాలు ఉన్నవి. మొదటిది, పనిచోటు కన్న 20, 30 మీటర్లు ఎడంగా కంచె గీయుట. రెండవది, వరుసగా మూడు నాలుగు పర్యాయములు బయట ఉన్నట్లు వచ్చిన తరువాతనే కబురు పంపేటట్లు అమర్చుకొనుట. నిజంగా తరలిపోతున్న యంత్రం ప్రతిసారీ మరింత దూరం పోతుంది. గాలి సంకేతం వలన కలిగిన తప్పు అయితే మరల మొదటి చోటికే వస్తుంది.

కబురుకూ కబురుకూ మధ్య వ్యవధి కూడా ముఖ్యం. 30 సెకండ్లకు ఒకసారి చోటు తెలిపే పరికరం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రైలరు మీద ఉంటే, రెండు కబుర్ల మధ్య 330 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. వంద మీటర్ల కంచెలో ప్రవేశించి బయటపడినా అది లెక్కకు రాకపోవచ్చు.

సరిహద్దు వద్ద ప్రత్యేక చిక్కులు

సరిహద్దు గ్రామాలలో సెల్‌ఫోను ఒక్కొక్కసారి పక్క రాష్ట్రపు టవరును పట్టుకొనుట అందరికీ అనుభవమే. యంత్రంలోని సిమ్‌కు కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి దేశమంతటా పనిచేసే సిమ్ ఉన్నదా అని ముందే అడగవలెను. పాత 2జీ మీద మాత్రమే నడిచే పరికరం, 4జీ మాత్రమే ఉన్న టవరు క్రింద మూగబోతుంది. టవరు అందనప్పుడు వివరాలను తనలో దాచుకొని, అందిన తరువాత పంపే పరికరం కొనుట మంచిది. అట్టి పరికరం ఉన్నప్పుడు మధ్యాహ్నపు సంగతి సాయంత్రం వచ్చినా లెక్క పోదు. అయితే దొంగతనం విషయంలో ఆలస్యంగా వచ్చిన కబురు అంతగా ఉపకరించదు.

రాష్ట్ర సరిహద్దు వెంబడి కూడా ఒక కంచె గీసుకొనవచ్చు. యంత్రం గీత దాటబోతున్నదని ముందే తెలిస్తే, అటువైపు అవసరమైన పన్ను, పర్మిట్టు, బీమా కాగితాలు డ్రైవరు వద్ద ఉన్నవో లేవో చూసుకొనుటకు వీలు కలుగుతుంది. ఈ గీతను అసలు సరిహద్దు మీద కాక, రెండు మూడు కిలోమీటర్లు ఇవతలనే గీయవలెను. దాటిన తరువాత తెలిసి ప్రయోజనం లేదు.

భాష కూడా ఒక చిక్కే. చాలా పరికరాలు కబుర్లను ఆంగ్లంలో పంపుతాయి. యజమాని తెలుగు చదువుతాడు. ఆపరేటరు కన్నడమో, తమిళమో, ఒడియానో చదువుతాడు. కంచెకు ‘సైట్ ఒకటి’, ‘సైట్ రెండు’ అని పేరు పెట్టుట కంటే, అందరూ పలికే ఊరిపేరు, కాలువ తూము సంఖ్య, చేని సర్వే నంబరు పెట్టుకొనుట వలన అపార్థాలు తగ్గుతాయి.

యంత్రం నిజంగా దొంగిలింపబడితే ఏ ఠాణాకు పోవాలనే సందేహం సరిహద్దు వారికి సహజం. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినదనే దానితో నిమిత్తం లేకుండా కేసు నమోదుకు అర్హమైన నేరాన్ని గురించి ఠాణాలో ఫిర్యాదు చేయవచ్చు. ఫోను ద్వారానో కంప్యూటరు ద్వారానో ఫిర్యాదు పంపితే మూడు రోజులలోగా సంతకం చేయవలెను. ‘ఇది మా హద్దు కాదు’ అన్న మాటతో తిరిగి రావలసిన పని లేదు. ఇక కోర్టులో జియోఫెన్స్ వివరాలను చూపదలచినవారు ముద్రించిన కాగితం ఒక్కటే తీసుకొనిపోతే చాలదు. అదే తేదీ నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ వివరాలకు ధ్రువపత్రం జతచేయవలెను. ఆ పత్రం ఇవ్వగలరా అని పరికరం అమ్మినవారిని కొన్ననాడే అడిగి ఉంచుకొనుట వివేకం.

చిన్న పనిముట్ల మాట

వైబ్రేటరు, నీటి మోటారు, కోత యంత్రం వంటి చిన్న సామానుకు ఉపగ్రహ పరికరం అమర్చుట ఖర్చుతో కూడిన పని. వీటికి బ్లూటూత్ బిళ్లలను అంటిస్తారు. పనిచోటులో ఉంచిన ఒక గ్రాహకం, కొన్ని పదుల మీటర్ల దూరంలో ఏయే బిళ్లలు ఉన్నవో వింటూ ఉంటుంది. బిళ్ల వినిపించనప్పుడు సామాను అక్కడ లేదని గ్రహించాలి. అది ఎక్కడికి పోయినదో మాత్రం ఈ పద్ధతి చెప్పలేదు. సాయంత్రం సామాను లెక్కపెట్టే మేస్త్రీకి ఇది సహాయమే గాని మేస్త్రీకి బదులు కాదు.

కంచె చేను మేయరాదు

కంచే చేను మేస్తే కాపాడేదెవరని పెద్దల మాట. యంత్రాన్ని కనిపెట్టే కంచె, దానిని నడిపే మనిషిని కూడా కనిపెడుతుంది. ఆపరేటరు ఎప్పుడు భోంచేసినాడు, ఎంతసేపు విశ్రమించినాడు అన్నీ తెలుస్తాయి. ఎండలో పది గంటలు కూర్చునే మనిషి అరగంట చెట్టు క్రింద కూర్చున్నాడని బత్తా కోయుటకు ఈ వివరాలను వాడితే, ఆ యంత్రం మీద మంచి ఆపరేటరు ఎవరూ నిలవరు. యంత్రంలో పరికరం ఉన్నదని, ఏ వివరాలు ఎవరు చూస్తారని అతనికి మొదటి రోజునే చెప్పవలెను. వ్యక్తిగత సమాచారాన్ని గురించి 2023లో పార్లమెంటు చేసిన చట్టం కూడా, సమాచారాన్ని చెప్పిన ప్రయోజనానికే వాడవలెనన్న సూత్రం మీదనే ఆధారపడి ఉన్నది.

వివరాలు ఆపరేటరుకు కూడా రక్షణ కాగలవు. ‘నీవు ఆరు గంటలే నడిపినావు’ అని గుత్తేదారు అన్నప్పుడు, ఎనిమిది గంటలు నడిపినవాని పక్షాన మాట్లాడేది ఈ లెక్కే. అందుచేత నెలవారీ లెక్క యజమాని ఫోనులో మాత్రమే ఉండక ఆపరేటరుకూ అందవలెను. పని జరిగినంతకాలం లాగ్‌బుక్ వ్రాయుట, ఇరువైపులా సంతకాలు చేయుట మానరాదు. ఒకే సాక్షి కంటే ఇద్దరు సాక్షులు మేలు.

కొన్ని పరికరాలు దూరం నుండే ఇంజనును ఆపగలవు. ఇది ప్రమాదకరమైన సౌకర్యం. గట్టు వాలులోనో, రోడ్డు మధ్యలోనో ఇంజను ఆగితే ప్రాణహాని కలుగవచ్చు. నడిచే యంత్రాన్ని ఆపకుండా, ఆగిన తరువాత మరల మొదలుకాకుండా చేసే ఏర్పాటు మాత్రమే సురక్షితం.

పరికరం కొనేముందు

యంత్రం బ్యాటరీ తీగ కోసినా పనిచేసే సొంత బ్యాటరీ పరికరంలో ఉన్నదా? తీగ కోసిన వెంటనే కబురు వస్తుందా? టవరు లేనప్పుడు వివరాలు దాచగలదా? ఏటేటా చెల్లించవలసిన రుసుము ఎంత? సేవ మానుకొన్నప్పుడు పాత లెక్కలు మనకు ఇస్తారా? ఈ ఐదు ప్రశ్నలకూ కాగితంపై సమాధానం తీసుకొనవలెను. అమర్చిన తరువాత ఒక రోజు యంత్రంతో పాటు పనిచోటు చుట్టూ తిరిగి, కంచె దాటిన ప్రతిసారీ కబురు వస్తున్నదో లేదో స్వయంగా పరీక్షించుకొనవలెను.

అన్నిటి కన్న ముఖ్యమైనది కంచె గీసే విధానం. యజమాని ఒక్కడే ఇంట కూర్చుని గీసిన గీతను గుత్తేదారు ఒప్పుకోడు. గుత్తేదారు గీసిన గీతను ఆపరేటరు నమ్మడు. పొలం గట్టు వేసేనాడు ఇరుగుపొరుగు రైతులను పిలిచి కొలత వేయించుట పల్లెలలో పాత ఆచారం. కనబడని గట్టుకు కూడా అదే మర్యాద వర్తిస్తుంది. ముగ్గురూ కలిసి పనిచోటు చూసి, పటం మీద గీత గీసి, ఏ గంటకు ఏ అద్దె అని వ్రాసుకొన్ననాడు ఆ అంకెలను ముగ్గురూ గౌరవిస్తారు.